నా ఫొటో పేపర్లో పడింది, కారు మాత్రం కదల్లేదు

“బ్రిటన్ టాబ్లాయిడ్ పత్రికల్లో అడ్డదిడ్డంగా కార్లు పెట్టేవాళ్ల మీద అన్ని వార్తలెందుకు? అవి చదివి ఎవరైనా మారతారా?” అని అడిగారు. మారరు. అలాంటి ఒక వార్తలో పడిన ఫొటో నేను తీసిందే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేముండేది ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో, పాతకాలపు ఇటుక ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉండే వీధిలో. ఆ ఇళ్లు కట్టిన రోజుల్లో కార్లు లేవు. ఇప్పుడు ఇంటికి రెండున్నాయి. రోడ్డు ఇరుకు కాబట్టి అందరూ రెండు చక్రాలు ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి పెడతారు. 2022 వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చారు. అంతకు మూడేళ్ల ముందే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, వీల్‌చైర్ లేకుండా గడప దాటలేరు. రోజూ సాయంత్రం ఆయన్ని వీధి చివర కాలువ గట్టు దాకా తీసుకెళ్లేదాన్ని. అక్కడ బాతుల్ని చూస్తూ అరగంట కూర్చుంటే చాలు, ఇంటికొచ్చాక మాటల్లో హుషారు తెలిసేది.

ఒక మంగళవారం మలుపు దగ్గర పెద్ద వెండిరంగు కారు, నాలుగు చక్రాలూ ఫుట్‌పాత్ మీదే ఉన్నాయి. కారుకీ పక్కనున్న గోడకీ మధ్య జానెడు సందు. రోడ్డు మీదికి దిగడం తప్ప దారి లేదు. వీల్‌చైర్ తోయని వాళ్లకి ఇది తెలియదు: ఎత్తుగా ఉన్న ఫుట్‌పాత్ గట్టు మీంచి ముందుకి దించకూడదు, మనిషి ముందుకి పడిపోతారు. కుర్చీని వెనక్కి తిప్పి, మనం ముందు రోడ్డు మీదికి దిగి, పెద్ద చక్రాల్ని మెల్లగా దింపుకోవాలి. అంటే వచ్చే బళ్లకి వీపు పెట్టి నిలబడాలి. నేను సగం దింపానో లేదో, ఒక వ్యాన్ మలుపు తిరిగి హారన్ కొట్టింది. నాన్న ఎడమచేత్తో కుర్చీని గట్టిగా పట్టుకున్నారు. ఆ చెయ్యి వణకడం నాకు కనిపించింది. “తల్లీ, ఇంటికి పోదాం పద” అన్నారు, అంతే.

తర్వాత నాలుగు రోజులు బయటికి వెళ్దామని ఆయన అడగనేలేదు. నేనడిగితే, “రేపు చూద్దాంలే, ఇవాళ నడుం నొప్పిగా ఉంది” అనేవారు.

ఆ రోజే, వెనక్కి తిరిగేముందు కారుని, కుర్చీలో ఉన్న నాన్నని కలిపి ఒక ఫొటో తీశాను. దాన్ని మా పేటవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టాను. రెండు రోజులకి ఒక టాబ్లాయిడ్ విలేకరి మెసేజ్ చేశాడు, ఫొటో వాడుకోవచ్చా అని. ఇక ఎవరో ఒకరు కదులుతారనుకుని సరేనన్నాను. మూడు ప్రశ్నలడిగాడు. అది ఏ కంపెనీ కారు, మీకెలా అనిపించింది, డ్రైవర్ మిమ్మల్ని ఏమైనా అన్నాడా. అతను అడక్కపోయినా నేను ఇంకో సంగతి రాసి పంపాను: ఈ వీధిలో ఫుట్‌పాత్ మీద కారు పెట్టకూడదనే చట్టం లేదు, దాని గురించి రాయండి అని.

వార్త వచ్చింది. “స్వార్థపు డ్రైవర్‌పై మండిపడ్డ మహిళ” అనే అర్థం వచ్చే శీర్షిక. నేనేమీ మండిపడలేదు, నాకు భయమేసింది. ఫొటోలో నాన్నని కత్తిరించేశారు. కారొక్కటే ఉంది, నంబరు ప్లేటు మసకగా. వీల్‌చైర్ అన్న మాట నాలుగో పేరాలో ఒక్కసారి వచ్చింది. చట్టం సంగతి ఎక్కడా లేదు.

మనకి టాబ్లాయిడ్ అంటే జిల్లా పేజీలు గుర్తొస్తాయి. అక్కడ వీధి దీపం వెలగలేదని రాసినా చివర్లో అధికారి వివరణ ఉంటుంది. “పరిశీలిస్తాం” అన్న పొడి మాటే కావచ్చు, కానీ ప్రశ్న మాత్రం ఆఫీసు దాకా వెళుతుంది. ఇక్కడి సన్, మిర్రర్, మెయిల్ లాంటి పత్రికల్లో పార్కింగ్ కథలు కారు యజమాని గుణగణాల దగ్గరే ఆగిపోతాయి. వాడు మంచివాడా, చెడ్డవాడా? దాని మీద జనం తీర్పు చెప్పాలి.

చెప్పారు కూడా. ఒక్క రోజులో నాలుగు వందలకి పైగా కామెంట్లు. నేను అన్నీ చదివాను, చదవకుండా ఉండాల్సింది. తాళంచెవితో గీకెయ్యమన్నవాళ్లు, ఆ కంపెనీ కారు కొనేవాళ్లంతా ఇంతేనన్నవాళ్లు, రోడ్డు మీదుగా వెళ్తే ఏం పోయిందన్నవాళ్లు. నా పేరు చూసి, “మీ దేశంలో ఎలా పెడతారో మాకు తెలుసు” అన్నవాళ్లు. రోడ్ టాక్స్ కడుతున్నాం కాబట్టి మా హక్కు అని ఒక పాతిక మంది. ఆ పన్నుకీ రోడ్ల ఖర్చుకీ ఉన్న లంకె 1937లోనే తెగిపోయింది. ఇప్పుడు కట్టేది బండి మీద పన్ను, అది ప్రభుత్వ ఖజానాలో కలిసిపోతుంది. ఎనభై ఏళ్లు దాటినా ఈ మాట జనం నోట్లోంచి పోలేదు. ఈ నాలుగు వందల మధ్యలో ఒకాయన రాశాడు: నాకు చూపు లేదు, తెల్లకర్ర పట్టుకుని నడుస్తాను, ఇలా పెట్టిన కార్ల అద్దాలు రోజూ నా మోచేతికి తగులుతాయి, మీ కౌన్సిలర్‌ని కలవండి అని. దానికి రెండే లైకులు.

అసలు విషయం ఆయన చెప్పిందే. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 244వ నియమం చదవండి. లండన్‌లో ఫుట్‌పాత్ మీద పార్క్ చేయడం నిషేధం, బోర్డు పెట్టి అనుమతిచ్చిన చోట తప్ప. ఇది 1974 చట్టం నుంచీ ఉంది. మిగతా చోట్ల “చేయకండి” అని సలహా మాత్రమే. ఆ కోడ్‌లో ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది, మొదటిది చట్టం, రెండోది మర్యాద. స్కాట్లాండ్ 2019లో చట్టం చేసుకుంది, 2023 డిసెంబరు నుంచి అక్కడ 100 పౌండ్ల జరిమానా వేయొచ్చు. మా వీధికి ఆ రోజున ఉన్నది మర్యాద ఒక్కటే. దారి పూర్తిగా మూసేస్తే పోలీసులు రావచ్చు, కానీ ఫోన్ చేసి చూడండి, ఎన్నిసార్లు వస్తారో.

నాకు ఇంకా కోపం తెప్పించేది ఒకటుంది. మా ఫొటో వేసిన ఆ పత్రికే నెల తిరక్కుండా, ఏదో ఊళ్లో కెమెరాలు పెట్టి జరిమానాలు వేస్తున్నారని “వాహనదారుల మీద యుద్ధం” అంటూ రాసింది. ఒక డ్రైవర్‌ని తిట్టాలంటే అందరూ ముందుంటారు, డ్రైవర్లందరికీ వర్తించే నియమం వస్తే మాత్రం ఒప్పుకోరు. వేల్స్‌లో 2023 సెప్టెంబరులో ఇళ్ల మధ్య రోడ్ల మీద వేగాన్ని గంటకి 30 మైళ్ల నుంచి 20కి తగ్గిస్తే, వద్దంటూ నాలుగున్నర లక్షలకి పైగా సంతకాలు పెట్టారు. అందులో ఎంతమంది అంతకుముందు ఎవరో ఒకరి పార్కింగ్ ఫొటో కింద “సిగ్గులేదా” అని రాసి ఉంటారో! చాలామందే ఉంటారని నా నమ్మకం.

పైగా ఆగి ఉన్న కారుకి ఫొటో తియ్యడం సులువు. నిజంగా ప్రాణం తీసేది, ఫోన్ చూసుకుంటూ మా స్కూలు ముందు నుంచి దూసుకుపోయే బండి. దానికి 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు పడతాయి. కానీ ఆ డ్రైవర్ ఎవరి కెమెరాకీ దొరకడు. అందుకే పేపర్లో ఎప్పుడూ సూపర్‌మార్కెట్‌లో రెండు గళ్లు ఆక్రమించిన కారే కనిపిస్తుంది.

మా కథలో ఆ వెండిరంగు కారు తర్వాతి మంగళవారం మళ్లీ అక్కడే ఉంది.

అప్పుడు చూపులేని ఆయన చెప్పిన పని చేశాను. మా కౌన్సిలర్ నెలకోసారి శనివారం లైబ్రరీలో జనాన్ని కలుస్తారు. నాన్న రానన్నారు, బతిమాలి తీసుకెళ్లాను. ఆవిడ మేము చెప్పింది విని, మాతో పాటు మలుపు దాకా నడిచి వచ్చారు. “నన్ను ఒకసారి తొయ్యనివ్వండి” అని కుర్చీ పట్టుకున్నారు. నాన్నని కూర్చోబెట్టుకుని ఆ గట్టు దింపడానికి ఆవిడకి మూడు ప్రయత్నాలు పట్టింది. ఇంటికొచ్చేటప్పుడు ఎక్కువ మాట్లాడలేదు. తర్వాత నాలుగు ఉత్తరాలు, రెండు సర్వేలు, బడ్జెట్ లేదన్న జవాబు ఒకటి, ఉందన్న జవాబు ఒకటి.

పదకొండు నెలలకి ఆ మలుపులో మూడు ఇనుప స్తంభాలు పాతారు. నడుం ఎత్తు ఉంటాయి, ఇక్కడ బొలార్డులంటారు. కుర్చీ పడుతుంది, కారు ఎక్కదు. అప్పటికి నాన్న వెనక్కి వెళ్లిపోయి చాలా కాలమైంది. వీడియో కాల్ చేసి, నడుచుకుంటూ ఒక్కోదాన్నీ చూపించాను.

“బాగున్నాయమ్మా” అన్నారు. “ఫోను కాలువ వైపు తిప్పు.”