కాలేజీ బేస్‌బాల్‌లో పిచర్‌ను మార్చడంపై అంత వాదన ఎందుకు?

అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో, బాగా విసురుతున్న పిచర్‌ను (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడిని), తొమ్మిది ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌లో ఆరో ఏడో ఇన్నింగ్స్‌లో కోచ్ తప్పించగానే అభిమానులు రెండు వర్గాలుగా ఎందుకు చీలిపోతారన్నది ప్రశ్న. క్రికెట్‌లో కెప్టెన్ ఒక బౌలర్‌ను ఆపి, పది ఓవర్ల తర్వాత మళ్లీ పిలవగలడు. ఇక్కడ మైదానం విడిచిన పిచర్ ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాలేడు కాబట్టి, నిర్ణయం తప్పితే దిద్దుకునే అవకాశం ఉండదు.

మార్చాలనేవారి వాదనే నాకు బలంగా కనిపిస్తుంది. తొమ్మిది మంది బ్యాటర్ల వరుస మూడోసారి వచ్చేసరికి వారికి అతని బంతి వేగమూ మలుపూ అలవాటైపోయి ఉంటాయి, అతని చేయి అలసి ఉంటుంది. స్కోరుబోర్డుపై సున్నాలే ఉన్నా, మోకాలి ఎత్తున పడవలసిన బంతి నడుము ఎత్తున ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) నడిమధ్యకు వస్తోందంటే ప్రమాదం దగ్గరపడినట్లే.

కొనసాగించాలనేవారు వారాంతాన్ని లెక్కిస్తారు. కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్ కూటమి) సిరీస్‌లో సాధారణంగా శుక్రవారం నుంచి ఆదివారం వరకు మూడు మ్యాచ్‌లుంటాయి కనుక, మొదటి రోజే మంచి రిలీవర్లను (మధ్యలో బదులుగా దిగే పిచర్లను) వాడేస్తే చివరి రోజుకు కొత్త కుర్రాళ్లే మిగులుతారు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో 2020 నుంచి ఉన్న 'కనీసం ముగ్గురు బ్యాటర్లు' అనే నిబంధన (దిగిన పిచర్ ముగ్గురికి విసిరేవరకు లేదా ఇన్నింగ్స్ ముగిసేవరకు ఉండాలి) కాలేజీల్లో లేదు; ఎడమచేతి బ్యాటర్లకు ఎడమచేతి పిచర్‌ను ఎదుర్కోవడం సాధారణంగా కష్టం కనుక, అలాంటి ఒక్క బ్యాటర్ కోసమే ఎడమచేతి పిచర్‌ను దించవచ్చు, వాదనలకు అదీ ఒక కారణం.

ఒకే ఇన్నింగ్స్‌లో కోచ్ అదే పిచర్ దగ్గరికి రెండోసారి వెళితే అతన్ని మార్చి తీరాలి. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడే, బుల్‌పెన్‌లో (రిలీవర్లు చేయి వేడెక్కించుకునే చోట) ఎవరు సిద్ధమవుతున్నారో గమనించండి.