పాప సీసా నెట్టేస్తోందని రాశావు కదా

అమ్మలూ,

రాత్రి రెండింటికి పెట్టిన నీ మెసేజ్ పొద్దున లేచాక చూశాను. "పెద్దమ్మా, సీసా నోటి దగ్గరికి కూడా రానివ్వట్లేదు. ఇంకో నెలలో నేను ఆఫీసుకి వెళ్లాలి. ఏం చెయ్యను?" అన్నావు. ఫోన్లో చెప్తే సగం నేను మర్చిపోతాను, సగం నువ్వు నిద్రమత్తులో వినవు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ ఆయనకీ, మీ అమ్మకీ కూడా చదివి వినిపించు. ఈ పనిలో ఎక్కువ భాగం చెయ్యాల్సింది వాళ్లే.

నీ చేతిలో నెల రోజులున్నాయి. ఆ విషయంలో నువ్వు నాకంటే చాలా నయం. మీ అక్క పుట్టినప్పుడు నేను సోమవారం డ్యూటీలో చేరాలంటే, గురువారం సీసా కొన్నాను. పాలే కదా, ఆకలేస్తే తనే తాగుతుందిలే అనుకున్నాను. మూడు రోజులు ఇల్లంతా యుద్ధమే. నేను ఒళ్లో పెట్టుకుని, మీ పెదనాన్న తల కదలకుండా పట్టుకుని, ఏడవడానికి నోరు తెరిచినప్పుడల్లా నిపుల్ లోపలికి పెట్టేవాళ్లం. ఆదివారానికల్లా సీసా కనబడితే చాలు, ఒళ్లు విల్లులా వంచేసి గుక్కపట్టేది. దాని లెక్కలో సీసా అంటే పాలు కాదు, ఇద్దరు కలిసి తనని నొక్కిపట్టే సమయం. ఆ తర్వాత సీసాని అల్మారాలో దాచేసి, పది రోజులు చెంచాతో, చిన్న కప్పుతో నెట్టుకొచ్చాం. తప్పు పూర్తిగా మాదే.

అందుకే గట్టిగా చెప్పేది ఒక్కటే. పాప ముఖం తిప్పుకున్నా, చేత్తో తోసినా, ఏడుపు లంకించుకున్నా ఆ పూటకి సీసా తీసి పక్కన పెట్టేయండి. "ఇంకొక్కసారి చూద్దాం" అనొద్దు. ఒక ప్రయత్నానికి పది నిమిషాలు చాలు. తాగిందా లేదా అన్నది తర్వాత. సీసా చూసి భయపడకుండా ఉంటే మొదటి వారానికి అదే పెద్ద పని.

పాపది మొండితనం అని మీ అమ్మ అంటే ఒప్పుకోకు. నీ దగ్గర తాగేటప్పుడు నోరు బాగా తెరిచి, రొమ్ముని లోతుగా పట్టుకుని, నాలుకతో లాగుతుంది. కాసేపు లాగాక గానీ చేపు రాదు, అంటే పాలు ధారగా దిగవు. చేపు వచ్చాక గబగబా నాలుగు గుటకలు, మళ్లీ నెమ్మది, మధ్యలో ఊపిరి తీసుకోవడం. వేగం ఎంత ఉండాలో చాలావరకు తనే చూసుకుంటుంది. సీసాలో అలా కాదు. మూతి తగలగానే పాలు వచ్చేస్తాయి, మింగే లోపే ఇంకో గుక్క నోట్లో పడుతుంది. పొలమారుతుంది. రెండుసార్లు పొలమారితే మనమైనా ఆ గ్లాసు ముట్టుకోం కదా! పైగా నీ ఒంటి వాసన లేదు, ఆ మెత్తదనం లేదు. ఇది తనకి ఒక కొత్త విద్య, అంతే.

వయసు కూడా చూసుకోవాలి. మొదటి నెల రొమ్ము పట్టుకోవడం, పాలు సరిగ్గా పడటం కుదురుకునే సమయం, అప్పుడు తొందరపడకపోవడమే మంచిది. అలాగని మరీ ఆలస్యం చేస్తే, మూడు నాలుగు నెలలు వచ్చేసరికి నోట్లో ఏది పెట్టినా చప్పరించే ఆ పుట్టుక అలవాటు తగ్గి, ఇష్టమైతేనే చప్పరించడం మొదలవుతుంది. మీ పాపకి ఇప్పుడు పది వారాలు. సరైన సమయంలోనే ఉన్నావు.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆరు రకాల సీసాలు కొనకు. ఒకటి చాలు, నిపుల్ మాత్రం అన్నిటికంటే నెమ్మదిగా పాలు వచ్చేది తీసుకో. ప్యాకెట్ మీద వేసిన నంబర్లని నమ్మకు, ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. సీసాని తలకిందులు చేస్తే చుక్కలు చుక్కలుగా పడాలి, ధార కట్టకూడదు. సబ్బుతో కడిగాక విడి భాగాలన్నీ నీళ్లలో మునిగేలా వేసి 5 నిమిషాలు మరిగించు, 10 అయినా నష్టం లేదు. నీ పాలు తీసే పంపులో పాలు తగిలే భాగాలకీ ఇదే పద్ధతి.

ఇక అసలు పని. మొదటి కొన్నిసార్లు నువ్వు పట్టొద్దు. నీ వాసన తెలుస్తుంటే, అసలైనది పక్కనే ఉండగా ఈ రబ్బరు ఎందుకని అనుకుంటుంది. గదిలోంచి కాదు, వీలైతే ఇంట్లోంచే బయటికి వెళ్లు. మీ అమ్మో, మీ ఆయనో పట్టాలి. ఇద్దరూ పోటీ పడకుండా ఒకళ్లే కొన్నాళ్లు చేస్తే మేలు. ఆకలితో ఏడుస్తున్నప్పుడు మొదలుపెట్టొద్దు, మేం చేసిన రెండో తప్పు అదే. ఆకలి మీద ఉన్న పిల్లకి కొత్త విద్య నేర్చుకునే ఓపిక ఎక్కడుంటుంది? తాగి గంటో గంటన్నరో అయ్యి, మెలకువగా, ఆడుకునే మూడ్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టండి. సీసాలో నువ్వు తీసిపెట్టిన పాలు 15 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువ పోస్తే, తాగకపోతే పాలు పారబోయాలని నీ ప్రాణం ఉసూరుమంటుంది. ఆ బాధలో నువ్వే "ఇంకొంచెం పట్టండి" అని బలవంతం చేయిస్తావు.

మీ తమ్ముడు పుట్టినప్పటికి బుద్ధొచ్చి, ఈ పని మా అత్తగారికి అప్పగించాను. ఆవిడ ఎలా చేసేవారో చెప్తాను, మీ అమ్మని అలాగే చెయ్యమను. వాణ్ని నాలా పడుకోబెట్టుకునేవారు కాదు. ఒళ్లో దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, మెడ వెనక ఎడమ చేయి ఆనించేవారు. నిపుల్‌ని గోరువెచ్చని నీళ్లలో ముంచి, కొసకి ఒక పాలచుక్క అంటించి, పై పెదవి మీద అలా రాసి ఆగేవారు. నోట్లో పెట్టేవారు కాదు. వాడు నాలుక చాపి నాకేవాడు. మళ్లీ రాసేవారు. మొదటి రోజు అంతే జరిగింది, నాకడమే. రెండో రోజు చిగుళ్లతో నిపుల్‌ని నమిలాడు, పాలు చుబుకం మీదుగా కారి మెడ ముడతల్లోకి పోయాయి, ఆవిడ నవ్వుతూ తుడిచారు. మూడో రోజు వాడంతట వాడే నోరు బార్లా తెరిచాడు. అప్పుడు మాత్రమే నిపుల్‌ని లోపలిదాకా పోనిచ్చారు. కొస ఒక్కటే పెదవుల మధ్య ఉంటే గాలి మింగుతారు.

లోపలికి పోయాక కూడా సీసాని నిటారుగా ఎత్తలేదు. నేలకి సమాంతరంగా, నిపుల్ నిండేంత మాత్రమే వంచి పట్టుకున్నారు. నాలుగైదు గుటకలు కాగానే సీసా మొదలుని కిందికి దించేవారు. నిపుల్ నోట్లోనే ఉంటుంది, పాలు మాత్రం రావు. వాడు ఊపిరి తీసుకుని మళ్లీ లాగితే మళ్లీ ఎత్తేవారు. చేపు వచ్చి ఆగే ఆ లయ దీంతో చాలావరకు వచ్చేస్తుంది. 100 మిల్లీలీటర్లు ఐదు నిమిషాల్లో ఖాళీ అయితే సంబరపడాల్సిందేమీ లేదు, పదిహేను ఇరవై నిమిషాలు పట్టాలి. చేతులు బిగపట్టినా, కళ్లు పెద్దవి చేసినా, పెదవుల పక్కనుంచి పాలు కారినా వేగం ఎక్కువైందని అర్థం. మధ్యలో ఒకసారి భుజం మీద వేసుకుని త్రేన్పు వచ్చేలా వీపు నిమరమను. సీసాలో అడుగున మిగిలిన ఆ కాస్త తాగించేయాలన్న పట్టుదల వద్దు. దిండుకి సీసా ఆనించి వదిలెయ్యడం అసలే వద్దు.

వారం గడిచినా దారికి రాకపోతే కొన్ని మార్పులు చేసి చూడండి, అన్నీ ఒకేసారి కాదు. ఒళ్లో కూర్చోనంటే, వీపు తన పొట్టకి ఆనించుకుని పాప ముఖం బయటికి ఉండేలా పట్టుకుని మీ ఆయన నడుస్తూ పట్టొచ్చు. నువ్వు కట్టి విడిచిన చీరో చున్నీయో భుజాన వేసుకుంటే కొందరు పిల్లలు కుదుటపడతారు, కొందరు ఆ వాసనకి నిన్ను వెతుక్కుంటారు. నిద్రలోంచి అప్పుడే లేస్తూ కళ్లు సగం మూసుకుని ఉన్నప్పుడు మెలకువలో వద్దన్నదే తాగేస్తారు. పాలు ఇంకాస్త వెచ్చగా చేసి చూడండి, మణికట్టు లోపలి వైపు చుక్క వేసుకుంటే వెచ్చదనం తెలియాలి గానీ చురుక్కుమనకూడదు. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. ఒకచోట గోరువెచ్చగా, ఇంకోచోట నోరు కాలేలా ఉంటాయి. గిన్నెడు వేడినీళ్లలో సీసాని నిలబెడితే చాలు.

ఒక చిత్రమైన సంగతి ఉంది. ఫ్రిజ్‌లో పెట్టిన పాలని పాప వద్దంటే, నువ్వు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడు. సబ్బు వాసన వచ్చిందా? కొందరి పాలల్లో కొవ్వుని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ పనిచేస్తుంది, నిలవ ఉంటే రుచి మారుతుంది. చెడిపోయినట్టు కాదు, తాగినా ఏమీ కాదు, కానీ కొందరు పిల్లలకి నచ్చదు. అప్పుడు తాజాగా తీసిన పాలనే పట్టి చూడు. నిలవ చెయ్యక తప్పకపోతే, తీసిన వెంటనే గిన్నె అంచుల్లో చిన్న బుడగలు కనబడేదాకా వేడిచేసి, మరగకముందే దించి, చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టుకో. వేడికి పాలల్లోని మంచి గుణాలు కొంత పోతాయి, కాబట్టి అవసరమైతేనే.

నిలవ లెక్కలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించు. తీసిన పాలు గదిలో 25 డిగ్రీల లోపు అయితే 4 గంటలు, అంతకంటే వేడిగా ఉంటే వెంటనే ఫ్రిజ్‌లోకి. ఫ్రిజ్‌లో 4 రోజులు, తలుపు అరలో కాదు, లోపల వెనక వైపు. ఫ్రీజర్‌లో ఆరు నెలల లోపు వాడేయ్. గడ్డ విడిచాక ఫ్రిజ్‌లో ఒక రోజే, మళ్లీ గడ్డకట్టించొద్దు. పాప నోరు తగిలిన పాలు మిగిలితే 2 గంటల్లో తాగించాలి, లేదంటే పారబోయాలి. పైన మీగడ తేలిందని కంగారుపడకు, సీసాని గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది.

ఎన్ని పాలు దాచాలి అన్నావు. తల్లిపాలు తాగే పిల్లలు ఒకటి నుంచి ఆరు నెలల మధ్య రోజుకి సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతారు, కొందరు ఇంకా తక్కువ, కొందరు ఎక్కువ. వయసు పెరిగే కొద్దీ ఇది పెద్దగా పెరగదు. రోజుకి ఎనిమిది సార్లు తాగే పిల్ల అయితే ఒక్కోసారికి దాదాపు 100. నువ్వు లేని తొమ్మిది గంటల్లో మూడుసార్లు అనుకుంటే 300, చేతిలో ఇంకో 60 ఉంటే టెన్షన్ ఉండదు. ఫ్రీజర్ నింపెయ్యాలని ఇప్పటినుంచే ఒళ్లు హూనం చేసుకోకు.

పాప సీసా తాగిన ప్రతిసారీ నువ్వు పంపుతోనో చేత్తోనో పాలు తీసెయ్యాలి. లేకపోతే రొమ్ములు గట్టిపడి నొప్పెడతాయి, గడ్డకట్టి జ్వరం కూడా రావచ్చు, రానురాను పాలూ తగ్గుతాయి. ఆఫీసులో మూడు గంటలకోసారి అని ఇప్పుడే అనుకుని పెట్టుకో. మీటింగ్ ఉందని రెండుసార్లు వాయిదా వేస్తే మూడోసారికి జాకెట్ తడిసిపోతుంది, నా అనుభవం.

ఇంకోటి. నువ్వు వెళ్లడం మొదలయ్యాక పగలు కొంచెమే తాగి, నువ్వు రాగానే అతుక్కుపోయి, రాత్రంతా తాగుతుంది చూడు. చాలామంది పిల్లలు చేసేదే. రోజుకి ఆరుసార్లు డైపర్ బాగా తడుస్తూ, బరువు పెరుగుతూ, హుషారుగా ఉంటే పగటి లెక్క గురించి బెంగ వద్దు. డైపర్లు తగ్గినా, మగతగా ఉన్నా, ఏ నిపుల్ పెట్టినా ప్రతిసారీ పొలమారుతున్నా, పెదవులు నీలంగా మారినా మాత్రం నాకు రాయకు, తిన్నగా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లు.

అసలు సీసా ముట్టనే ముట్టకపోతే? కప్పు ఉంది. మీ అక్కకి ఆ పది రోజులూ అలాగే పట్టాం. పాపని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న కప్పు అంచుని కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకేంత వంచితే పిల్లిపిల్లలా నాలుకతో లాక్కుంటుంది. పొయ్యకూడదు, లాక్కోనివ్వాలి. మొదట్లో సగం బట్టల మీదే పోతాయి, నాలుగు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. ఎవరైనా పాలు చిక్కగా ఉంటే తాగుతుందని పిండి కలపమన్నా, పంచదార వెయ్యమన్నా వినకు.

రేపు నాలుగింటికి మొదటిసారి పట్టించు. మీ అమ్మకి సీసా ఇచ్చి, ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్లిపో. తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడతావని నాకు తెలుసు, నేనూ నిలబడ్డాను. ఆ పది నిమిషాలూ నాకు ఫోన్ చేసి మాట్లాడు.

నీ పెద్దమ్మ