చంటిపాపను వీపున కూర్చోబెట్టుకొని గుట్ట ఎక్కవచ్చునా?

ప్రశ్న: మాది హనుమకొండ. పాపకు 9 నెలలు, బరువు 8 కిలోలు. మా ఇద్దరికీ పెళ్లికి ముందు నుంచే గుట్టలు ఎక్కే అలవాటు ఉంది. ఈ చలికాలంలో పాపను బేబీ కారియర్‌లో పాండవుల గుట్టకు, వేసవిలో మనాలి మీదుగా రోహ్‌తాంగ్ కనుమకు తీసుకువెళ్లాలనుకుంటున్నాము. పసిపిల్లను గుట్టల మీద తిప్పడమేమిటని మా అత్తమ్మ కోప్పడుతున్నారు. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పాండవుల గుట్టకు నిరభ్యంతరంగా వెళ్లవచ్చును, రోహ్‌తాంగ్ మాత్రం వద్దు. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాతనే మొదలవుతుంది. మన రాష్ట్రంలో ఏ గుట్టా అందులో సగం ఎత్తు కూడా ఉండదు. ఇక్కడ పసిపిల్లలకు ముప్పు ఎండ వల్ల, మోసేవారి కాలు జారడం వల్ల.

పాప ఆసరా లేకుండా కూర్చోగలుగుతుంటే చట్రం ఉన్న వీపు కారియర్ వాడవచ్చును. తొడల కింద పూర్తిగా ఆసరా ఉండి, మోకాళ్లు పిరుదుల కంటే కొంచెం ఎత్తుగా ఉండాలి; కాళ్లు వేలాడుతూ ఉంటే తొడల దగ్గర పట్టీలు ఒత్తుకుంటాయి. నడక ఊపుకు పిల్లలు తొందరగానే నిద్రపోతారు. అప్పుడు తల వాలిపోయి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడడం కష్టమవుతుంది, వీపు మీద ఉన్న బిడ్డ ముఖం మోసేవారికి కనిపించదు. అందువల్ల ఒకరు మోస్తున్నప్పుడు రెండోవారు వెనుక నడుస్తూ పాప ముఖాన్ని గమనిస్తూ ఉండాలి.

పాప 8 కిలోలు, కారియర్ సుమారు 3, నీళ్లు, డైపర్లు, బట్టలు మరో 3 అనుకుంటే మొత్తం 14 కిలోలవుతుంది. ఈ బరువు భుజాల మీద కాక, నడుము పట్టీ ద్వారా తుంటి ఎముకల మీద పడాలి. కొత్త కారియర్‌తో నేరుగా గుట్టకు వెళ్లకుండా, ముందు ఒక ఉదయం పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగి చూడండి. ఎక్కడం కంటే దిగడమే కష్టమని అక్కడే తెలిసిపోతుంది. ఛాతీ మీద కట్టుకునే మెత్తని కారియర్ ఇంటి దగ్గర హాయిగానే ఉంటుంది కానీ, దిగేటప్పుడు మీ పాదం ఏ రాయి మీద పడుతున్నదో కనిపించనివ్వదు. వీపున కూర్చున్న పాప తల మీ తల కంటే ఎత్తుగా ఉండవచ్చును. కొమ్మల కింద నుంచి, పాండవుల గుట్టలో రాళ్ల మధ్య ఇరుకు దారుల్లోంచి వెళ్లేటప్పుడు మీరు వంగితే సరిపోదు. అటువంటి చోట పాపను దించి చేతికి అందించుకోవడమే మంచిది. అక్కడి రాళ్ల మీది ప్రాచీన వర్ణచిత్రాలు చూపించాలన్న సరదాతో బండల అంచుకు మాత్రం పోవద్దు. 9 నెలల పాపకు ఆ చిత్రాల కంటే పక్కనున్న ఎండుటాకే ముద్దు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. తెల్లవారగానే బయలుదేరి ఎండ ముదరకముందే కిందికి చేరుకోవాలి. నడిచే మీకు చెమట పడుతున్నా, కదలకుండా కూర్చున్న పాపకు ఉదయపు చలి వేస్తూనే ఉంటుంది. చేతులు, కాళ్లు కాకుండా మెడ వెనుక తాకి చూస్తే సరిగా తెలుస్తుంది. ఎండ తగలకూడదని కారియర్ మొత్తాన్ని చున్నీతో కప్పేయడం చాలామంది చేసే పనే కానీ, లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. అంచులున్న టోపీ చాలు. అరగంటకోసారి ఆగి పాపను బయటికి తీసి, కూర్చొని పాలు పట్టండి. డైపర్ చాలాసేపు పొడిగానే ఉన్నా, పాప మందకొడిగా మారినా వెంటనే వెనుదిరగండి. కోతులు ఉన్నచోట అరటిపండు బయటికి తీయకూడదు, తేనెపట్టు కనిపిస్తే ఆ దారి వదిలేయాలి.

ఇక మనాలి సుమారు 2,000 మీటర్ల ఎత్తున, రోహ్‌తాంగ్ 3,978 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వాహనంలో కొద్ది గంటల్లోనే అంత ఎత్తుకు చేరితే పెద్దలకే తలనొప్పి, వికారం వస్తాయి. పెద్దలు ఆ మాట చెప్పగలరు. పాప ఏడుపు మాత్రం ఆకలి వల్లనో, నిద్ర వల్లనో, ఎత్తు వల్లనో తేల్చుకోలేరు. మంచులో ఒక ఫొటో కోసం అంత సాహసం అనవసరం. మనాలి వరకే వెళ్లి అక్కడి దేవదారు వనాల్లో పాపను తిప్పండి. పాప నెలలు నిండకుండా పుట్టి ఉన్నా, గుండె లేదా ఊపిరితిత్తుల సమస్య ఉన్నా, ఆ ప్రయాణానికి కూడా ముందుగా పిల్లల డాక్టర్‌ను సంప్రదించండి.