కెనడాలో ఉద్యోగం తీసేసి కాగితం చేతిలో పెడితే సంతకం చేయాలా?

టొరంటోలో ఆరేళ్ల ఉద్యోగం పోయింది, ఆరు వారాల జీతం ఇస్తాం, శుక్రవారంలోగా సంతకం పెట్టమంటున్నారు అని అడిగారు. టెన్షన్ పడి సంతకం మాత్రం పెట్టేయకండి. ఆ కాగితం, ఇక కంపెనీ మీద కేసు వేయను అని మీరు రాసివ్వడమే.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర చట్టం ప్రకారం మీ తప్పు లేకుండా తీసేస్తే ఏడాదికి వారం చొప్పున, 8 వారాల దాకా నోటీసు గానీ ఆ మేరకు జీతం గానీ ఇవ్వాల్సిందే. సంతకం పెడితేనే ఇస్తామనడం కుదరదు. కంపెనీ ఏడాది జీతాల ఖర్చు 25 లక్షల డాలర్లు, ఆపైన ఉంటే, ఐదేళ్లు నిండినవాళ్లకు సెవరెన్స్ పే (సర్వీసును బట్టి ఇచ్చే పరిహారం) వేరే. అంటే మీకు ఇంకో ఆరు వారాలు.

ఇదంతా కనీస మొత్తమే. 1960 నాటి బార్డాల్ కేసు నుంచి కోర్టులు వయసు, సర్వీసు, హోదా, అలాంటి ఉద్యోగం మళ్లీ దొరికే అవకాశం చూసి, చాలాసార్లు నెలల జీతం ఇప్పిస్తున్నాయి. కనీసమే ఇస్తామని ఆఫర్ లెటర్‌లో ఉందా? 2020 వాక్స్‌డేల్ తీర్పు ప్రకారం తొలగింపు షరతుల్లో ఒక్కటి చట్టవిరుద్ధమైనా మిగతావీ చెల్లవు, అంటే ఆ కనీసం షరతు కూడా పోతుంది. ఆ లెటర్ పట్టుకుని ఉద్యోగ చట్టాలు చూసే లాయర్‌ని కలవండి.

బ్యాంకు, ఎయిర్‌లైన్స్, టెలికాం అయితే ఫెడరల్ (కేంద్ర) చట్టం, లెక్క వేరు.