సరస్వతి ఆకు తింటే చేతులు కోసుకోవడం మానేస్తారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదిహేనేళ్ల అమ్మాయి చేతి మీద గాట్లు పెట్టుకుంటోంది, ఇంగ్లీషు మందులంటే భయంగా ఉంది, జపాన్‌లో ఏదో మూలికల కషాయం ఇస్తున్నారట, మన దగ్గర అలాంటిది ఉందా, మోతాదు ఎంత అని అడిగారు. నేను వైద్యురాలిని కాను. కోనసీమలో కొబ్బరితోట ఉన్న ఇంటి కోడలిని, ఇదే కష్టం పడిన పిల్ల తల్లిని. మోతాదు సంగతి చివర చెబుతాను.

2023 వేసవి. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి హాస్టల్ నుంచి ఇంటికి వచ్చింది. ఎండలు మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటోంది. నేను చూసీ చూడనట్టు వారం రోజులు ఊరుకున్నాను. చూశానని ఒప్పుకుంటే ఏదో ఒకటి చేయాలి కదా, అదీ నా భయం. చివరికి ఒక మధ్యాహ్నం చూశాను. అరిచాను, ఏడ్చాను, నా తల మీద ఒట్టు వేయించుకున్నాను. ఈ మూడింటిలో ఒక్కటి కూడా మీరు చేయకండి. ఒట్టు మరీ చెడ్డది. అది తప్పిన రోజు పిల్ల ఇంకా లోతుగా దాచడం నేర్చుకుంటుంది, తల్లిని చంపుతున్నానన్న పాపం కూడా నెత్తిన వేసుకుంటుంది.

ఇంట్లో అందరూ తలో మాట అన్నారు. మా ఆయన దిష్టి అన్నారు. మా ఆడపడుచు అయితే, "ఎవరికీ చెప్పకు వదినా, రేపు సంబంధాలు రావు" అంది. పదిహేడేళ్ల పిల్ల రాత్రి నిద్రపోవడం లేదంటే ఈవిడకు పెళ్లిచూపులు గుర్తొచ్చాయి! ఆ హాస్టల్ సంగతి ఎత్తితే ఈ జవాబు తెల్లారదు. వారం వారం మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లు మార్చడం, ఆదివారం పది నిమిషాలు ఫోను, ఆ పది నిమిషాలూ వెనక వార్డెన్ నిలబడటం. అన్నం పెట్టేచోట వరుసలో కూడా మార్కుల మాటే. వాళ్లకు ఫీజు కట్టింది మేమే కాబట్టి ఎక్కువ మాట్లాడే హక్కు నాకూ లేదు.

మా అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున పిల్లను లేపి, "సరస్వతి ఆకు కోయాలి, రా" అన్నారు. తోటలో బోదె పక్కన, తడి ఆరని చోట నేలను అంటుకుని పాకుతుంది అది. రూపాయి బిళ్లంత గుండ్రటి ఆకులు, అంచున చిన్న చిన్న నొక్కులు. కాలువలు కట్టేసే కాలం కావడంతో ఆకు పలచగా ఉంది, వెతుక్కోవాలి. ఆవిడ షరతులు: పొద్దు పొడవక ముందే కోయాలి, తినేవాళ్లే కోయాలి, ఫోను ఇంట్లో ఉండాలి. ఈ షరతులు ఏ శాస్త్రంలోనూ ఉండవని, ఆవిడ అప్పటికప్పుడు కల్పించారని నా గట్టి నమ్మకం.

నాలుగో రోజో అయిదో రోజో, బోరు దగ్గర ఆకు కడుగుతున్నారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. చొక్కా చేతులు తడిసి ముద్దయ్యాయి. పిల్ల ఒక్క క్షణం ఆగి, తనంతట తానే మోచేతి దాకా మడుచుకుంది. అత్తగారు చూశారు. చూసి, గిన్నెలో ఆకు అటూ ఇటూ కలుపుతూ తొంభై ఆరు తుఫాను కథ మొదలుపెట్టారు. 1996 నవంబరులో ఒక్క రాత్రికి తోటంతా నేలకొరిగాక మూడు నెలలు తను ఎవరితోనూ మాట్లాడలేదట, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉండేదట. ఈ మాట పాతికేళ్ల కాపురంలో నాకెప్పుడూ చెప్పలేదు. "మరి ఎప్పుడు తగ్గింది నాయనమ్మా?" అని అడిగింది పిల్ల. "తగ్గిందని ఎవరన్నారు? కొత్త మొక్కలకు నీళ్లు పోయాలి కదా, లేచాను" అన్నారు. ఆ పూట ఆకును రోట్లో నూరింది పిల్లే. పసరు చేదుగా, పచ్చి వాసనతో ఉంటుంది. ముగ్గురం తాగాం.

ఇక మీ జపాన్ కషాయం. దాని పేరు యొకుకాన్‌సాన్, ఏడు మూలికలది. పుట్టింది చైనాలో, 16వ శతాబ్దపు వైద్య గ్రంథంలో, రాత్రిళ్లు ఉలిక్కిపడి ఏడ్చే చంటిపిల్లల కోసం. జపాన్‌లో ఇప్పుడు ఎక్కువగా మతిమరుపు వచ్చిన వృద్ధుల చిరాకుకు వాడతారు. చేతులు కోసుకునే పిల్లల మీద దాన్ని పెద్ద ఎత్తున ఉత్తుత్తి మందుతో పోల్చి తేల్చింది లేదు. అందులో అతిమధురం ఉంటుంది, అది ఎక్కువైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. ఇవన్నీ పక్కన పెట్టి నన్ను పట్టేసిన ముక్క ఒకటుంది: పాత పుస్తకంలో ఆ మందును బిడ్డతో పాటు తల్లి కూడా తాగాలని రాశారు. మా అత్తగారు చైనా పుస్తకం చదవలేదు. మా ముగ్గురికీ మూడు గ్లాసులు పోశారంతే.

ఆకుతో తగ్గిందా అంటే, నా ఉద్దేశంలో పిల్ల నోరు తెరవడానికి అది సాకు అయింది. నోరు తెరిచాకే రాజమహేంద్రవరంలో మానసిక వైద్యురాలి దగ్గరకు రావడానికి ఒప్పుకుంది. నేను ఊళ్లో కొన్న అశ్వగంధ సీసా కూడా సంచిలో పట్టుకెళ్లాను. ఆ డాక్టరు ముందు దాన్నే ఆపించారు. మా అమ్మాయి థైరాయిడ్ మాత్రలు వాడుతోంది, అశ్వగంధ ఆ లెక్కను తారుమారు చేస్తుందట, కొందరికి కాలేయం కూడా దెబ్బతింటుందట. కాబట్టి మీరు ఏ కషాయం ఇస్తున్నా డాక్టరు దగ్గర దాచకండి. ఇంటర్నెట్‌లో అమ్మే సీసాలైతే అసలు వద్దు. అలా అమ్మే 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షిస్తే అయిదింట ఒక దానిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడిందని 2008లో ప్రచురించారు. "ఆకులే కదా, హాని ఏముంది" అని వీడియోల్లో చెప్పే పెద్దమనుషులకు ఇది ఎవరు చెప్పాలో!

ఆ డాక్టరు పిల్లకు నేర్పింది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే పద్ధతి, ముంచుకొచ్చే బాధను గాయం చేసుకోకుండా తట్టుకునే నేర్పులు నేర్పే మాటల వైద్యం. ఈ పిల్లలకు పనిచేస్తుందని పరీక్షల్లో తేలిన వాటిలో అదొకటి. దాన్ని తయారుచేసిన మార్షా లినెహాన్ అనే ఆవిడ, చిన్నవయసులో తానూ ఇలాగే గాయపరచుకునేదాన్నని 2011లో బయటికి చెప్పింది. అది విన్నాకే మా అమ్మాయి రెండోసారి వెళ్లింది. కోరిక కెరటంలా లేస్తుంది, కాసేపు ఓర్చుకుంటే విరిగిపోతుంది, ఆ కాసేపూ ముఖాన చన్నీళ్లు కొట్టుకో అన్నారు. నన్ను కూర్చోబెట్టి పదునైనవి, మాత్రలు, తోటకు కొట్టే మందులు అన్నీ తాళం వేయమన్నారు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగమన్నారు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదన్నారు. ఆ ప్రశ్న అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. మీరు అంత ఆగకండి. మీ ఊళ్లో డాక్టరు లేకపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. చచ్చిపోవాలని ఉందా అన్న ప్రశ్నకు పిల్ల అవును అని చెప్పినా, గాయం పెద్దదిగా ఉన్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి, పిల్లను ఒంటరిగా వదలకండి.

ఒక్క వేసవిలో అయిపోలేదు. ఆ తరువాత రెండుసార్లు మళ్లీ జరిగింది, రెండుసార్లూ తనే వచ్చి చెప్పింది. హాస్టల్ మాన్పించాం, రెండో సంవత్సరం ఇంటి నుంచే బస్సులో వెళ్లింది.

మోతాదు అడిగారు కదా. అత్తగారిని నేనూ అడిగాను. "పిడికెడు" అన్నారు. ఎవరి పిడికిలి అంటే, "కోసినవాళ్లది" అన్నారు. ఇప్పుడు అమ్మాయి కాకినాడలో డిగ్రీ చదువుతోంది. కడియం నర్సరీ నుంచి తెచ్చిన సరస్వతి కుండీ ఒకటి గది కిటికీలో పెట్టుకుంది. నీళ్లు ఎక్కువై కుళ్లిపోతోందని మొన్న నాయనమ్మకు ఫోను చేసి గంటసేపు మాట్లాడింది.