‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అన్నప్పుడు: అమెరికా బడుల్లో ప్రత్యేక విద్యకు అర్హత ఎలా తేలుతుంది?

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. ప్రభుత్వ పాఠశాలలో రెండో తరగతి చదువుతున్న మా అబ్బాయి చదవడంలో బాగా వెనకబడ్డాడు. ఇంట్లో తెలుగు మాట్లాడటమే కారణం కావచ్చని, ఇంకొన్నాళ్లు చూద్దామని టీచర్ అంటున్నారు. స్పెషల్ ఎడ్యుకేషన్ సేవలు అందాలంటే మేమేం చేయాలి?

జవాబు: టీచర్‌తో మీరు ఎన్నిసార్లు మాట్లాడినా, కాగితం మీద పెట్టనంత కాలం అవి మాటలుగానే ఉండిపోతాయి. అందుచేత, అబ్బాయికి ప్రత్యేక విద్య అర్హత కోసం సమగ్ర మూల్యాంకనం జరపాలని కోరుతూ, తేదీ వేసి, ప్రిన్సిపాల్‌కూ స్కూల్ డిస్ట్రిక్ట్‌ (మీ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ)లోని స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగానికీ ఈమెయిల్ పంపండి. అప్పుడు బడి మీ అంగీకార సంతకం అడగాలి, లేదా ఎందుకు నిరాకరిస్తోందో కారణాలతో రాసి ఇవ్వాలి. మీరు సంతకం చేసిన అంగీకార ఫారం బడికి అందిన రోజు నుంచి 60 రోజుల్లో మూల్యాంకనం ముగియాలని ఐడియా (IDEA) చట్టం, అంటే వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన అమెరికా ఫెడరల్ చట్టం, చెబుతోంది. కొన్ని రాష్ట్రాలు తమ గడువును తామే పెట్టుకున్నాయి. గడువు లెక్క ఫారం బడికి అందాకే మొదలవుతుంది కనుక ఫారాన్ని ఇంట్లో ఉంచుకోవద్దు.

ఇక భాష సంగతి. ఇంగ్లిష్ సరిగా రాకపోవడమే అసలు కారణమైతే పిల్లవాడికి వైకల్యం ఉందని తేల్చకూడదని చట్టం అంటుంది, ఆ జాగ్రత్త అవసరమే. అయితే పరీక్షలు వీలైనంతవరకు పిల్లవాడి మాతృభాషలో, లేదా అతని శక్తి సరిగ్గా తెలిసే విధంగా జరపాలని కూడా అదే చట్టం అంటుంది. తెలుగులోనూ మాటలు ఆలస్యంగా వచ్చాయా, రెండు మూడు పనులు ఒకేసారి చెబితే మరిచిపోతున్నాడా, ఒకేలా వినిపించే పదాలను పోల్చుకోలేకపోతున్నాడా అన్నది మీకే తెలుసు. ఆ వివరాలు రాసి ఇవ్వండి; నా దృష్టిలో మూల్యాంకనానికి తల్లిదండ్రులు అందించగల అత్యంత విలువైన సమాచారం అదే.

ఒక్క పరీక్షతో ఎవరూ నిర్ణయం తీసుకోకూడదు. స్కూల్ సైకాలజిస్ట్ పరీక్షలు, తరగతి గదిలో పరిశీలన, అవసరమైతే చూపు, వినికిడి, మాట తీరు అన్నీ చూస్తారు. మీకు ఖర్చేమీ ఉండదు. తర్వాత మీరు కూడా సభ్యులుగా ఉన్న బృందం రెండు విషయాలు తేలుస్తుంది: చట్టం చెప్పిన 13 వైకల్య విభాగాల్లో ఏదైనా అతనికి వర్తిస్తుందా, దానివల్ల ప్రత్యేకంగా రూపొందించిన బోధన అతనికి అవసరమా అన్నవి. అందుకే డాక్టరు ఇచ్చిన నిర్ధారణ ఒక్కటే చాలదు. అలాగే పై తరగతికి పాస్ అవుతున్నాడన్న కారణంతోనే కాదనడమూ చెల్లదు.

అర్హత ఉందని తేలితే 30 రోజుల్లో ఐఈపీ (పిల్లవాడి కోసం రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) సమావేశం జరగాలి. సేవలు మొదలుపెట్టడానికి మీ అంగీకారం విడిగా కావాలి, దాన్ని ఎప్పుడైనా లిఖితపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. పిల్లవాడి మీద ముద్ర పడుతుందేమోనని వెనకాడే తల్లిదండ్రులకు ఈ మాట తప్పకుండా చెబుతాను. ఐఈపీని ఏటా సమీక్షిస్తారు, సాధారణంగా కనీసం మూడేళ్లకొకసారి మూల్యాంకనం మళ్లీ జరుపుతారు.

అర్హత లేదని తేల్చి, ఆ మూల్యాంకనంతో మీరు ఏకీభవించకపోతే, డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణుల చేత స్వతంత్ర మూల్యాంకనం కోరవచ్చు. అప్పుడు డిస్ట్రిక్ట్ ఆ ఖర్చు భరించాలి, లేదా తన మూల్యాంకనం సరైనదేనని విచారణాధికారి ముందు నిరూపించుకోవాలి. ప్రత్యేక బోధన అవసరం లేకపోయినా, పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు 1973 నాటి పునరావాస చట్టంలోని సెక్షన్ 504 కింద దొరకవచ్చు. వాటి కోసం విడిగా అడగండి.