సంతకం నాది, కీ ఆయన దగ్గర

ప్రశ్న: అమ్మా, మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. సీటు మహిళలకు రిజర్వు అయితే మా ఇంటాయన నన్ను నిలబెట్టినాడు, గెలిచినాను. మా పాప తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతోంది. మొన్న ఇంటికొచ్చి, ఆఫ్రికా ఆడవాళ్ళ రాజకీయాల మీద సెమినార్ ఇచ్చినానని చెప్పింది. రువాండా అనే దేశంలో పార్లమెంటులో సగానికి పైగా ఆడవాళ్ళేనంట. “నువ్వూ సర్పంచివే కదమ్మా, నీ డిజిటల్ కీ ఎక్కడుంది?” అని అడిగింది. బిల్లుల మీద కంప్యూటర్లో నా సంతకం పడేది ఆ కీతోనే. అది బీరువాలో ఉంది, బీరువా తాళం మా ఆయన దగ్గర. బిల్లు పెట్టాలంటే ఆయనే తీసి సెక్రటరీకి ఇస్తాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దేశాల్లో అంతమంది ఎట్లా వచ్చినారు? వాళ్ళమీద కూడా ఇట్లానే పెత్తనం చేస్తారా? మా ఆయన చెడ్డవాడు కాదు. గొడవ పడాలంటే టెన్షన్‌గా ఉంది. నేనేం చేయాల?
— పేరు, ఊరు వద్దన్న సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నాకు పుత్తూరు వైపు ఒక ఊరు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళు తిరుపతిలో రాజనీతి శాస్త్రం పాఠం చెప్పినదాన్ని. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు దక్కిన కొత్తలో, పిల్లల్ని వెంటబెట్టుకుని మహిళా సర్పంచుల్ని కలవడానికి ఊళ్ళు తిరిగాను. ఆ ఊళ్ళో వసారాలో కుర్చీ వేసుక్కూర్చున్న ఆయన “సర్పంచి అంటే నేనే అనుకోండి మేడమ్” అన్నాడు. లోపలికి కేకేస్తే ఆమె పశువుల కొట్టం నుంచి వచ్చింది. మోచేతుల దాకా పేడ. చేతులు వెనక్కి పెట్టుకుని గోడ వారగా నిలబడింది. నేను ఆమెకు ఒక్క నమస్కారం పెట్టి, అడగాల్సినవన్నీ ఆయన్నే అడిగాను. నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండాయి. అందులో ఆమె మాట ఒక్కటి లేదు. ఆ తప్పు ఆయనది మాత్రమే కాదు, నాది కూడా. అందుకే మీకు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీ పాప చెప్పింది నిజం. రువాండా దిగువ సభలో 80 సీట్లు. 2003లో రాసుకున్న రాజ్యాంగంలో, నిర్ణయాలు తీసుకునే ప్రతిచోటా కనీసం 30 శాతం ఆడవాళ్ళు ఉండాలని పెట్టుకున్నారు. 24 సీట్లు అచ్చంగా ఆడవాళ్ళవే. వాటికి జనం నేరుగా ఓటేయరు, స్థానిక సభల్లోనూ మహిళా మండళ్ళలోనూ ఉన్నవాళ్ళు ఎన్నుకుంటారు. అంటే మన లెక్కన మీరూ, మీ వార్డు మెంబర్లూ వేసే ఓటు. మిగతా సీట్లలో ఎక్కువ వాటికి జనం పార్టీకి ఓటేస్తారు, పార్టీ ఇచ్చిన పేర్ల జాబితాలో పైనుంచి వరసగా సీట్లు దక్కుతాయి. అట్లా గెలిచి వచ్చే ఆడవాళ్ళు వేరే. 2008లో 80కి 45 మంది వచ్చి, ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న మొదటి పార్లమెంటుగా ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. 2024 ఎన్నికల్లో 51 మంది వచ్చారు. అదే ఏడాది మన లోక్‌సభకు 543 సీట్లలో గెలిచిన ఆడవాళ్ళు 74 మంది.

ఆ అంకె వెనక పెద్ద ఏడుపు ఉందమ్మా. 1994లో జాతి మారణహోమం జరిగి, వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపేశారు. మగవాళ్ళలో చచ్చినవాళ్ళు చావగా, దేశం వదిలినవాళ్ళు వదలగా, జైళ్ళలో పడ్డవాళ్ళు పడగా, కూలిన ఇళ్ళు లేపిందీ దిక్కులేని పిల్లల్ని సాకిందీ ఎక్కువగా ఆడవాళ్ళే. అట్లా ఇల్లు నిలబెట్టిన మనిషికి ఆ పొలం మీద హక్కు లేకపోతే ఎట్లా? పార్లమెంటులో ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళు పార్టీలు పక్కనపెట్టి 1996లో ఒక వేదికగా ఏర్పడ్డారు. 1999లో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వారసత్వ హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. ఆడవాళ్ళ మీద హింసకు వ్యతిరేకంగా 2008లో సభ ఆమోదించిన చట్టాన్ని ప్రతిపాదించింది ఆ వేదికే.

అయితే ఒక సంగతి మీ దగ్గర దాచకూడదు. ఆ దేశంలో 2000 నుంచి అధ్యక్షుడు పాల్ కగామే ఒక్కరే. ప్రతిపక్షానికి చోటు బాగా తక్కువ. సభలో సగానికి పైగా ఆడవాళ్ళున్నా, పెద్ద విషయాల్లో ఆయన మాట దాటడం కష్టం. మీ ఇంట్లో బీరువా సంగతి చదివినప్పుడు నాకు ఇదే తట్టింది.

ఇక చట్టాల విషయానికొస్తే, నాకు బాగా నచ్చింది సెనెగల్ పద్ధతి. 2010లో వాళ్ళు చేసిన చట్టం ప్రకారం పార్టీ జాబితాలో ఒక మగ పేరు, ఒక ఆడ పేరు, మళ్ళీ మగ, మళ్ళీ ఆడ, అట్లా వరసగా ఉండాలి. లేకుంటే జాబితా చెల్లదు. ఆడవాళ్ళ పేర్లన్నీ అడుగున తోసేసే వీలు పోయింది. 2012లో 150 మంది సభలోకి 64 మంది ఆడవాళ్ళు వచ్చారు. కెన్యాలో ఇట్లా జరగలేదు. ఎన్నికైన ఏ సభలోనూ మగవాళ్ళు గానీ ఆడవాళ్ళు గానీ మూడింట రెండు వంతులు మించకూడదని 2010 రాజ్యాంగంలో రాసుకున్నారు. దాన్ని ఎట్లా అమలు చేయాలో చెప్పే చట్టం మాత్రం పార్లమెంటు చేయలేదు. ఏళ్ళు గడిచాయి. చివరికి 2020లో ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా, ఈ పార్లమెంటును రద్దు చేయండని అధ్యక్షుడికి సలహా రాశారు. అయినా రద్దు కాలేదు. మనం 2023లో లోక్‌సభకూ అసెంబ్లీలకూ మూడో వంతు అని చట్టం చేసుకుని, దాన్ని జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టుకున్నాం. నాకు ఇది బాధగా ఉంది.

పెత్తనం గురించి అడిగారు. ఆఫ్రికా దేశాల్లో ఎక్కువగా కనబడే అడ్డు టిక్కెట్టూ డబ్బూ. ప్రపంచ వాణిజ్య సంస్థకు 2021 నుంచి అధిపతిగా ఉన్న ఎన్‌గోజి ఒకోంజో-ఇవేలా నైజీరియా ఆడబిడ్డ. అయినా ఆ దేశం దిగువ సభలో 360 సీట్లుంటే, 2023 ఎన్నికల్లో ఇరవై మంది ఆడవాళ్ళు కూడా గెలవలేదు.

మీకు అన్నిటికంటే పనికొచ్చేది లైబీరియా కథ. 2003లో అంతర్యుద్ధం ఆపమని అడుగుతూ మన్రోవియా చేపల మార్కెట్ దగ్గర ఆడవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని రోజూ కూర్చున్నారు. క్రైస్తవులు, ముస్లింలు కలిసే కూర్చున్నారు. వాళ్ళను కూడగట్టింది లేమా గ్బోవీ. ఘానాలో శాంతి చర్చలు సాగదీస్తుంటే అక్కడికీ పోయి, హాలు తలుపుకు అడ్డంగా కూర్చున్నారు. ఒప్పందం అయ్యేదాకా లోపలి మగవాళ్ళను బయటికి పోనిచ్చేది లేదన్నారు. ఆ ఆగస్టులో ఒప్పందం అయింది. 2005 ఎన్నికల్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచారు. ఆఫ్రికాలో ఎన్నికల్లో నెగ్గి దేశాధ్యక్షురాలైన మొదటి మహిళ ఆమే. సంతల్లో సరుకులు అమ్ముకునే ఆడవాళ్ళు ఆమెకు అండగా నిలిచారు. 2011 నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ముగ్గురిలో వీళ్ళిద్దరూ ఉన్నారు.

మీ ఊళ్ళో చేపల మార్కెట్ లేకపోవచ్చు, డ్వాక్రా సంఘాలు ఉన్నాయి కదా. నెలనెలా పొదుపు లెక్కలు రాసే ఆడవాళ్ళకు పంచాయతీ లెక్క అర్థం కాకుండా పోదు. గ్రామసభకు వారం ముందు లీడర్లను ఇంటికి పిలవండి. కాఫీ ఇచ్చి, ఏ వీధికి నీళ్ళు రావడం లేదో, ఏ లైటు వెలగడం లేదో వాళ్ళ నోటితోనే చెప్పించి మీ చేత్తో రాసుకోండి. సభ రోజు వాళ్ళను ముందు వరసలో కూర్చోమనండి. అధ్యక్షత మీది. మొదటి మాట మీరు మాట్లాడాలి. గొంతు వణికితే వణకనీండి, చేతిలో కాగితం ఉంటుంది కదా.

కీ విషయంలో గొడవ అక్కర్లేదు. మీ ఆయన మంచివాడే అంటున్నారు, నేను నమ్ముతున్నాను. అన్నం పెట్టేటప్పుడు కాకుండా, ఆయన స్థిమితంగా ఉన్నప్పుడు ఒక్క సంగతి చెప్పండి: “ఆ కీ నా పేరు మీద ఉంది. రేపు ఏ బిల్లులోనైనా తేడా వస్తే నోటీసు నాకే వస్తుంది. నేను చూడని బిల్లు పోకూడదు.” ఇది ఏ భర్తకైనా అర్థమయ్యే మాట. ఈసారి బిల్లు వచ్చినప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ పని, ఎంత, ఎవరికి అని చదవండి. మోటారు రిపేరని రాస్తే, మోటారు తిరుగుతోందో లేదో ట్యాంకు దగ్గరికి పోయి చూసి రండి. తర్వాతే కీ పెట్టండి. పని అయ్యాక అది మీ బీరువాలో, మీ చీరల కింద ఉండాలి.

సర్పంచి భర్తల పెత్తనం మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన కమిటీ, ఇట్లాంటి వాటికి గట్టి శిక్షలు ఉండాలని 2025లో నివేదిక ఇచ్చింది. ఆ వార్త కూడా ఆయన చెవిన వేయండి, బెదిరింపుగా కాదు, ఆయన మంచి కోరి.

పాప సెమినార్ పేపరు ఒక కాపీ నాకు పంపమనండి. 2025 మార్చిలో నమీబియాకు మొదటి మహిళా అధ్యక్షురాలిగా నేతుంబో నంది-న్డైత్వా ప్రమాణం చేశారు. ఆమె గురించి పాప ఏమైనా రాసిందేమో చూడాలని ఉంది.